తలుపు మీద తొంభై మూడు

లిబ్రాదా మా ఊరు తొబతిలో బస్సు దిగడం మొట్టమొదట చూసింది నేనే. బస్టాపు పక్కనే నా ఆకుల బల్ల. పుదీనా, నిమ్మగడ్డి, గుర్రంతోక, సదాపాకు, ఇలా మేం రోజూ తాగే చల్లటి ఆకునీళ్లు, తెరెరేలోకి కావలసిన ఆకులూ వేళ్లూ రోట్లో దంచి అమ్ముతాను. నలభై ఏళ్లుగా అదే పని. ఒక చేత్తో కుట్టుమిషనూ ఇంకో చేత్తో సంచీ పట్టుకుని దిగిన ఆ పిల్లను, "దాహంగా ఉన్నట్టున్నావ్, నాలుగాకులు దంచివ్వనా అమ్మాయ్?" అని ప్రేమగానే అడిగాను. ఆమె నా మొహం చూడలేదు. రోలు చూసింది.

"ఈ రోలు కడిగి ఎన్నాళ్లైంది?" అంది.

పదహారేళ్ల కిందటి మాట. ఆ రోజు మొదలు నాకూ ఆమెకూ ఉప్పూ నిప్పే. కాబట్టి నేను చెప్పేదాంట్లో ఎక్కడైనా పుల్లవిరుపు తగిలితే అది నాదే అనుకోండి. మిగతాది జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఒకటుంది. అదీ చెబుతాను.

ఆమె వచ్చింది మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి చొక్కాలు కుట్టడానికి. చొక్కాలు కుట్టి, వీపుల మీద గుడ్డతో కత్తిరించిన అంకెలు అతికించేది. ఆ జట్టులో గోలు కాసేవాడు దెర్లిస్. వారమంతా సొంత ఇటుకబట్టీలో పని, ఆదివారం ఆట. మనిషి తలుపంత ఉండేవాడు. ఒంటిచేత్తో పది ఇటుకలు ఎత్తుతాడని చెప్పుకునేవారు. నేను ఎనిమిది చూశాను. కొలత తీయబోతే టేపు చాలలేదట. "ఇతగాడికి ఒక చొక్కా కాదు, రెండు చొక్కాల కూలి ఇవ్వాలి" అందట లిబ్రాదా. అతను అందరి ముందూ నవ్వి, "కూలి ఎందుకు, నన్నే తీసుకో" అన్నాడట. ఆ ఏడాదే పెళ్లయింది.

పదింటికి బట్టీ దగ్గర పని ఆగుతుంది. నీడలో చుట్టూ కూర్చుంటారు. తెరెరే తాగడానికి అందరికీ ఒకటే ఎద్దుకొమ్ము గ్లాసు, పీల్చడానికి ఒకటే గొట్టం. కొమ్ములో ఆకుపొడి పోసి, దంచిన ఆకులు కలిపిన చల్లటి నీళ్లు పోస్తారు. మొదటి పోత సెయింట్ తోమాస్‌ది, దాన్ని ఎవరూ తాగరు. తర్వాత పోసేవాళ్లు తాగి, మళ్లీ నింపి, పక్కవాళ్లకి అందిస్తారు. అలా తిరుగుతూనే ఉంటుంది. అందరి ఎంగిలీ ఒకటే. ఒకసారి రాజధాని నుంచి ఇటుకలు కొనడానికి వచ్చిన పెద్దమనిషికి కొమ్ము అందిస్తే, జేబులోంచి రుమాలు తీసి గొట్టం తుడుచుకుని తాగాడు. మొహాన ఉమ్మినా మావాళ్లు అంత బాధపడరు. దెర్లిస్ లేచి వెళ్లి, అప్పటికే లారీకెత్తిన నాలుగు వేల ఇటుకలూ ఒక్కడే దించేశాడు. సాయంత్రం దాకా దించాడు. "నా నోరంటే అసహ్యమైనవాడికి నా చేతుల ఇటుక ఎందుకు?" అన్నాడు. ఆ మాట లిబ్రాదా ఊరంతా తిరిగి చెప్పుకుంది. ఆమె పళ్లు కనిపించేలా నవ్వడం నేను ఆ రోజే చూశాను.

పదమూడేళ్లు ఏ లోటూ లేకుండా గడిచింది, పిల్లలు లేకపోవడం తప్ప. వెనకింట్లో అత్తగారు, ఎమెరిత అవ్వ. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు గానీ, ఆ ఇద్దరూ ఒకరి జోలికి ఒకరు పోకుండా బాగానే నెట్టుకొచ్చారు. అవ్వకి కోళ్లు, కోడలికి మిషను.

ముందు చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. తర్వాత బంతి తగలకుండానే తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు. రాజధానిలో పెద్దాసుపత్రివాళ్లు రక్తపు కేన్సరన్నారు. అతనికో తమ్ముడున్నాడు, పేరు సిరీలో. ఆ తమ్ముడి ఎముకల్లోని మూలుగ సరిపోతుందన్నారు. మందులతో దెర్లిస్ సొంత మూలుగని మాడ్చేసి, ఏప్రిల్ ముప్పయ్యిన తమ్ముడి మూలుగని నరంలోకి ఎక్కించారు. డాక్టరమ్మ లిబ్రాదాని పక్కకి పిలిచి చెప్పిందట: "ఇప్పుడు నీ మొగుడు పొత్తిళ్లలో బిడ్డ. బిడ్డకైనా తల్లిపాల బలం ఉంటుంది, ఇతనికి అదీ లేదు. వంద రోజులు గడవాలి. పచ్చి ఆకు, కాచని నీళ్లు, మట్టి, బూజు, కోళ్లు, జనం. ఏది దగ్గరికొచ్చినా మనిషి దక్కడు."

లిబ్రాదా ఆ మాట నమ్మింది. నమ్మడమంటే మనం దేవుణ్ణి నమ్మినట్టు కాదు. గోడని నమ్మినట్టు నమ్మింది.

దెర్లిస్‌ని ఇంటికి తేవడానికి రెండు రోజుల ముందు తనొక్కతే వచ్చింది. అవ్వ పెంచుకుంటున్న పదకొండు కోళ్లనీ ఒక్క పొద్దున కోయించింది. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో పేరూ చెప్పి ఏడుస్తుంటే, ఈమె ఇంటింటికీ పంచేసింది. నాకూ ఒకటి వచ్చింది. తిట్టుకుంటూనే తిన్నాను. పూలకుండీలు విసిరేయించింది. గోడలు బ్లీచింగుతో కడిగింది. కిటికీలన్నీ టేపు వేసి మూసేసి, ఒక్కదానికి మాత్రం అద్దం ఉంచింది, అది కూడా తెరుచుకోకుండా. బట్టీ పొగ ఇటు రాకుండా రేకులు అడ్డం పెట్టించింది. మూలుగ ఎక్కించిన ముప్పై నాలుగో రోజున మొగుణ్ణి లోపల పెట్టి తలుపేసింది. చొక్కాలకి కత్తిరించగా మిగిలిన తెల్లటి అంకెలు తీసి తలుపు మీద గుచ్చింది, ముప్పై నాలుగు అని. రోజూ పొద్దున్నే అంకె మార్చేది. వంద వచ్చేదాకా ఎవరూ రాకూడదని దాని అర్థం.

కుండకి మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం. "ఇవాళ ఎన్నో నంబరు ఆడుతున్నాడు మీవాడు?" అని గేటు దగ్గర ఆగి అడిగేవాళ్లు. అత్తకి రిఫరీ ఎర్రకార్డు చూపించిందట అని ఒక మాట పుట్టింది. అది పుట్టించింది నేనే. సంత మొత్తం రెండు రోజులు నవ్వింది.

అవ్వ రోజూ ఆ అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. నేనూ ఒకటి రెండుసార్లు తోడు వెళ్లాను. ఒక రోజు లిబ్రాదా బయటికి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకోబోయింది.

"ఏమే, ఒక్కసారి రానీవే. వాడి కాలివేలు ముట్టుకుని వెళ్లిపోతా."

"వద్దత్తమ్మా. మీ గోళ్లు చూసుకోండి. నిండా మట్టే."

"కడుక్కుంటానే, సబ్బు పెట్టి కడుక్కుంటా."

"డెబ్బై ఏళ్ల మట్టి. సబ్బుకి పోదు."

అవ్వ తన చేతులు తిప్పి చూసుకుంది. ఆ చేతులతోనే ఇటుకలు కోసి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ ఆ మాటకి లిబ్రాదాని క్షమించలేను, అది నిజమే అయినా సరే.

లోపల ఇంకో యుద్ధం. మందులకి దెర్లిస్ మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. నోరంతా పుళ్లు, ఒంటి మీద చర్మం పొట్టులా రాలేది. తమ్ముడి మూలుగ కొత్త ఒంటిని పరాయిదనుకుని కరుస్తోందట. చెంచాడు గంజి దిగడానికి పావుగంట. అద్దం అవతల నుంచి వినిపించేది.

"చాల్లేవే, నా వల్ల కాదు."

"ఇంకా ఆరు చెంచాలున్నాయి. నోరు తెరువు."

"నేనేడ్చేది రోగానికి కాదే. నీకు. కాపలా కుక్కలా తగులుకున్నావ్."

"ఏడువు. ఏడుస్తున్నావంటే బతికున్నట్టే. కుక్కనే, కరుస్తాను కూడా. మింగు."

ఒకసారి అతను గంజి ఆమె మొహాన ఉమ్మాడు. ఆమె తుడుచుకుని, గిన్నె మళ్లీ నింపి, మొదటి చెంచా నుంచి లెక్క మొదలుపెట్టింది. ఆ ఆరు నెలల్లో ఆమె మంచం మీద పడుకోగా ఎవరూ చూడలేదు. బ్లీచింగుకి చేతులు పగిలి, వేళ్ల సందుల్లో ఎర్రగా కనిపించేవి. జుట్టు మగవాడిలా కత్తిరించేసుకుంది, దువ్వుకునే టైము దండగని. ఇవన్నీ నేను చూశాను. చూసి కూడా జాలి పడలేదు.

సిరీలో ఆదివారాలు తాగి గేటు దగ్గరికి వచ్చేవాడు. "నా మూలుగ లోపలుంది వదినా! దాన్ని చూసుకుని పోదామని వచ్చా. నా రక్తాన్ని లోపల పెట్టుకుని నన్ను బయట నిలబెడతావా?" అని అరిచేవాడు.

"నీ మూలుగ బాగానే పనిచేస్తోంది సిరీలో. నువ్వే చెయ్యట్లేదు. వెళ్లి బట్టీ చూసుకో."

జూలై చివరికొచ్చింది. మా దేశంలో అది చలికాలం. మాకు ఆగస్టంటే భయం. చలి పోతూ పోతూ బక్క ఆవుల్నీ ముసలివాళ్లనీ రోగిష్టివాళ్లనీ ఏరుకుని పట్టుకుపోయే నెల. అందుకే ఒకటో తారీకున, పరగడుపున, చెరకుసారాలో సదాపాకూ నిమ్మకాయా ఊరేసిన కర్రులిం ఏడు గుక్కలు తాగుతాం. తాగినవాళ్లు ఆగస్టు దాటతారు. డాక్టర్లు తాగుతారు, పాదిరీ తాగుతాడు, ఇదంతా మూఢనమ్మకం అనేవాళ్లు రెండుసార్లు తాగుతారు. నా బల్ల మీద సదాపాకు మిగతా ఏడాది మొత్తంలో అమ్ముడుపోయేదానికన్నా ఆ వారంలో అమ్ముడుపోయేదే ఎక్కువ.

అవ్వ నా దగ్గరికి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"ఫెర్మీనా, వాడు తాగకపోతే ఆగస్టు దాటడు. నాకు తెలుస్తోంది. అది తాగనివ్వదు. ఎలాగే?"

"ఎలాగేముంది అవ్వా, దాన్ని కాసేపు బయటికి లాగాలి. అది నేను చూసుకుంటా."

అనేశాను. మంచి లేత సదాపాకు ఏరి, సారం బాగా దిగాలని నా రోట్లో నలగ్గొట్టి మరీ ఇచ్చాను. రోలు కడగలేదు. నేనెప్పుడూ కడగను. ఆకులకి ఆకుల వాసన పట్టాలని మా అమ్మ చెప్పేది.

దెర్లిస్ మందులు రాజధాని నుంచి బస్సులో వచ్చేవి. డ్రైవరు వాటిని నా బల్ల దగ్గర దించేవాడు. ఒకటో తారీకు పొద్దున ఆరున్నరకి నేను వాళ్ల గేటు దగ్గరికి వెళ్లి కేకేశాను.

"లిబ్రాదా! మందులొచ్చాయి. డ్రైవరు సంతకం కావాలంటున్నాడు, తొందరగా రా!"

లిబ్రాదా అప్పుడే తలుపు మీద తొంభై మూడు గుచ్చుతోంది. మాస్కు సర్దుకుని పరుగెత్తింది. బస్టాపులో బస్సు లేదు. "ఇప్పుడే పెట్రోలుకి వెళ్లాడు, వచ్చేస్తాడు, కూర్చో" అన్నాను. ఆమె నా మొహం చూసింది. తర్వాత బల్ల మీద మిగిలిన సదాపాకు కట్టలు చూసింది.

"ఇవాళ ఒకటో తారీకు" అంది మెల్లగా. ఇంకేమీ అడగకుండా వెనక్కి పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, గ్లాసు నోటి దగ్గర పట్టుకుని, మూడు అని లెక్కపెడుతోంది. దెర్లిస్ కళ్లు మూసుకుని తాగుతున్నాడు. మూడు నెలల తర్వాత ఒక మనిషి చెయ్యి అతని మొహం మీద ఉంది, తొడుగు లేకుండా. అతను చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

లిబ్రాదా గ్లాసుని ఒక్క తోపు తోసింది. అతని దవడ పట్టుకుని, రెండు వేళ్లు గొంతులోకి దూర్చింది. పుళ్ల నోరు. అతని అరుపు బట్టీ దాకా వినిపించిందట. కక్కాడు. కక్కినదాంట్లో రక్తముంది. ఆమె ఇంకోసారి దూర్చింది.

"మూడు గుక్కలేనే తాగాడు!" అవ్వ మంచం పట్టుకుని బతిమాలుతోంది. "ఇంకా నాలుగున్నాయి. ఆ నాలుగూ తాగనీవే, దాటతాడు!"

లిబ్రాదా సీసా తీసి గడప మీద కొట్టింది. పదమూడేళ్లు 'మీరు' అన్న నోటితో అంది: "చెబుతుంటే నీకెక్కదా ముసలిదానా? వాణ్ణి చంపుతున్నావ్! ఆగస్టు ఎవర్నో ఒకర్ని పట్టుకుపోవాలంటే నిన్ను పట్టుకుపోనీ!"

అవ్వ ఆగిపోయింది. ఏడవలేదు కూడా. "అలాగేనే" అని లేచి, గాజుముక్కల మీదుగా నడిచి వెళ్లిపోయింది. కొడుకు తాగాక తాగుదామని తన ఏడు గుక్కలూ ఆ సీసాలోనే ఉంచుకుందట. మధ్యాహ్నం నేను మా ఇంటి నుంచి గ్లాసుడు తీసుకెళ్లాను.

"పరగడుపునే ఉన్నావుగా అవ్వా, తాగు."

"వాడికి దక్కనిది నాకొద్దే, ఫెర్మీనా. పట్టుకెళ్లిపో."

మర్నాడు తెల్లవారేసరికి దెర్లిస్‌కి చలిజ్వరం. లిబ్రాదా తలుపు మీద అంకె మార్చడానికి ఆగలేదు. కారు పిలిచి రాజధానికి తీసుకుపోయింది. ఇన్ఫెక్షను ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఎందుకొచ్చిందని ఆమె డాక్టరమ్మని అడిగిందట. పచ్చి ఆకులో ఉన్న బూజైనా కావచ్చు, పుళ్లు చిరిగి రక్తంలోకి ఏదైనా పోయినా కావచ్చు, చెప్పలేను అందట. అంటే నా రోలైనా కావచ్చు, ఆమె వేళ్లైనా కావచ్చు. ఆకు నా రోట్లో నలిగిందని ఆమెకి తెలియదు, తన వేళ్ల సంగతే తెలుసు.

పదో తారీకుకి అవ్వకి దగ్గు పట్టుకుంది. ఇరవైకి లేవలేకపోయింది. ఇరవై రెండున సాయంత్రం పక్కన సిరీలో ఉన్నాడు, నేనున్నాను. సిరీలో ఆసుపత్రికి ఫోన్ చేసి అందరికీ వినిపించేలా పెట్టాడు.

"వదినా, అమ్మ పోతోంది. అన్నకి ఫోనివ్వు. ఒక్కసారి వాడి గొంతు వింటే చాలంటోంది."

"వాడికి ఒళ్లు కాలిపోయే జ్వరం, నలభై డిగ్రీలు. ఇది వింటే వాడూ పోతాడు. ఇవ్వను."

"నీ కాళ్లు పట్టుకుంటానే, వదినా."

"నా కాళ్లెందుకు? మీ అమ్మ కాళ్లు పట్టుకో. అయ్యాక చెప్పు."

అవ్వ అంతా వింది. "పోనీలేరా, అది చెప్పింది కదా" అంది. ఇప్పుడన్న మాటా, ఆ పొద్దున పెట్టిన శాపమా, ఏది ఆమె ఉద్దేశమో నాకు తెలియదు. గంటలో పోయింది.

సమాధి చేశాం. తొమ్మిది రోజులూ ప్రార్థనలు చేశాం. చెప్పేదేముంది, కోడలి నోటి శాపం తగిలి పోయిందని తొమ్మిది రోజులూ అదే మాట. అవ్వ తాగకుండా ఉన్న ఏడు గుక్కల సంగతీ, సీసా పగిలిన సంగతీ, కోళ్ల సంగతీ అన్నీ వచ్చాయి. ఆ పొద్దున లిబ్రాదాని ఇంట్లోంచి ఎవరు పిలిచారన్నది మాత్రం ఎవరూ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా నేను మధ్యలో కూర్చుని, అందరికన్నా గట్టిగా జపమాల చెప్పాను. వాళ్లు ఆమెని తిట్టిన ప్రతిసారీ నా గుండె మీద బరువు కొంచెం దిగినట్టుండేది. అంత నీచంగా ఉండేదాన్ని మరి.

సెప్టెంబరు పన్నెండున దెర్లిస్ కారు దిగాడు. తలుపంత మనిషి తలుపు గడియలా అయిపోయాడు. తలుపు మీద ఇంకా తొంభై మూడే ఉంది. అతను దాన్ని చూడలేదు, వెనకిల్లు చూశాడు. పొయ్యి పొగ లేదు. అవ్వకి జలుబని, అందుకే ఆసుపత్రికి రావద్దన్నానని లిబ్రాదా అన్నాళ్లూ చెబుతూ వచ్చిందట.

"అమ్మేదిరా?" అన్నాడు తమ్ముడితో.

"ఇరవై రెండున పోయింది. నీ పెళ్లానికి ఫోన్ చేశా. నీకివ్వమని బతిమాలా."

దెర్లిస్ ఆమె వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పోకముందు నుంచి."

అబద్ధం చెప్పొచ్చు కదా! ఫోన్ వచ్చేసరికే పోయిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆమెకి అది చేతకాలేదు. దెర్లిస్ గడప మీద కూలబడ్డాడు. చుట్టూ మేం అందరం నిలబడి ఉన్నాం, ఆమె ఏడుస్తుందేమో, కాళ్ల మీద పడుతుందేమో అని చూస్తూ.

"దుమ్ముగా ఉంది. లోపలికి రా" అంది.

బతికాడు. అది మాత్రం చెప్పుకోవాలి. వంద దాటింది, రెండొందలు దాటింది, ఏడాది దాటింది. నెత్తి మీద జుట్టు సిరీలోకి ఉన్నట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. రక్తం గ్రూపు కూడా తమ్ముడిదే అయిందట. పాత రక్షణలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి కాబట్టి, ఆరోగ్యకేంద్రంలో చంటిపిల్లల వరసలో కూర్చుని పోలియో దగ్గర్నుంచి అన్ని సూదులూ మళ్లీ వేయించుకున్నాడు. పక్కన ఆమె కార్డు పట్టుకుని కూర్చునేది, తల్లులందరితో పాటు. ఆమె వండింది తినేవాడు. ఇచ్చిన మాత్ర మింగేవాడు. మాట్లాడేవాడు కాదు. అవసరానికి రెండు ముక్కలు, అవీ గోడవైపు తిరిగి. ఆమె కూడా తనవైపు నుంచి ఒక్క సంజాయిషీ చెప్పలేదు. ఫెర్మీనా పిలిస్తే వెళ్లాను అని కూడా చెప్పలేదు. అది నాకు కచ్చితంగా తెలుసు. చెప్పి ఉంటే అతను నా బల్ల తిరగేసి ఉండేవాడు.

మరుసటి ఏడాది నవంబరు. మాకది ఎండాకాలం, ఎండలు ముదిరాయి. లిబ్రాదా పదహారేళ్లలో మొదటిసారి నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"డాక్టరమ్మ ఇవాళ చెప్పింది, ఫెర్మీనక్కా. ఇక అందరిలాగే తాగొచ్చట. పుదీనా, నిమ్మగడ్డి. దంచివ్వు."

ఆమె గొంతులో ఏదో ఉంది. సంబరమని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు గానీ, అదే. రోలు వైపు చూసింది. అడగలేదు. అవ్వ పోయిన దగ్గర్నుంచి నేను దాన్ని రోజూ వేడినీళ్లతో కడుగుతున్నాను. కడుగుతున్నానని చెప్పాలనిపించింది. దంచి ఇచ్చాను. "నువ్వూ రా" అంది. వెళ్లాను.

బట్టీ నీడలో కూర్చున్నారు దెర్లిస్, సిరీలో, ఇద్దరు పనివాళ్లు. లిబ్రాదా కొత్త చొక్కా వేసుకుంది. మామగారి నాటి కొమ్ము తీసుకొచ్చింది, వెండి అంచుది. మొదటి పోత సెయింట్ తోమాస్‌కి పోసి వదిలేసింది. రెండోది తను తాగింది. మళ్లీ నింపి, రెండు చేతులతో దెర్లిస్‌కి అందించింది. ఏడాదిన్నర పాటు ఆ ఇంట్లో ప్రతి చెంచా, ప్రతి గిన్నె, ప్రతి గుడ్డ ఉడకబెట్టింది, ఈ ఒక్కటి అందించడానికే.

అతను కొమ్ము అందుకున్నాడు. చొక్కా అంచు పైకి లాగాడు. ఆమె పెదవి తగిలిన గొట్టాన్ని తుడిచాడు. తొందర లేకుండా, చుట్టూ తిప్పి తుడిచాడు.

పనివాళ్లు తలలు దించుకున్నారు. "ఏంటన్నా ఇది?" అన్నాడు సిరీలో. ఆమెని గేటు దగ్గర నిలబడి బూతులు తిట్టిన సిరీలోనే అన్నాడు.

"తను నేర్పిందే కదరా" అన్నాడు దెర్లిస్. గొట్టం నోట్లో పెట్టుకుని తాగాడు.

లిబ్రాదా ఖాళీ కొమ్ము తీసుకుంది. నీళ్లు అంచు దాకా పోసి సిరీలోకి ఇచ్చింది, తర్వాత పనివాళ్లకిచ్చింది. ఎవరూ తుడవలేదు. తర్వాత నాకు అందించింది. అందించేటప్పుడు నా కళ్లలోకి చూసింది. ఆ పొద్దున బస్సు రాలేదన్న సంగతి మా ఇద్దరికే తెలుసు. పిలిచింది నేనే, ఆకు నాదే, రోలు నాదే అని అప్పుడైనా అనాల్సింది. దెర్లిస్ ఎదురుగానే ఉన్నాడు, నాలుగడుగుల దూరంలో.

నా వంతు వచ్చింది కదా. గొట్టం నోట్లో పెట్టుకున్నాను.